కాళ్లు చల్లగున్నయ్ సార్

శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ ఇంకా నడుస్తున్న రోజులు. చెరకు సీజన్, చలికాలం. బోధన్‌లో నా క్లినిక్‌కు 15 రోజుల పసివాణ్ని తెచ్చారు. పాలు మానేశాడు, ఎగపోస్తున్నాడు, నుదుట చెమట. నెమ్ము అనుకుని మందులు రాస్తున్నాను. తూకం వేస్తున్న నర్సమ్మ అంది: "సార్, చేతులు వెచ్చగున్నయ్. కాళ్లు మాత్రం చల్లగున్నయ్."

గజ్జల్లో వేళ్లు పెట్టి వెతికాను. నాడి లేదు. చేతిలో మాత్రం అందుతోంది.

అప్పటికే ఎన్నో ఏళ్లుగా పిల్లల వైద్యం చేస్తున్నాను. అంతవరకూ ఎంతమంది పసికందులను గజ్జలు తడమకుండానే ఇంటికి పంపానో! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బృహద్ధమని చేతులకు కొమ్మలిచ్చాక ఒకచోట సన్నబడడాన్ని కోఆర్క్టేషన్ అంటారు. గర్భంలో ఉన్నప్పటి డక్టస్ నాళం పుట్టాక కొన్నాళ్లు తెరిచి ఉంటుంది, బిడ్డ బాగానే కనిపిస్తాడు. అది మూసుకోగానే నడుం కిందికి రక్తం చాలదు, గుండె చతికిలబడుతుంది. ప్రోస్టాగ్లాండిన్ ఎక్కిస్తే ఆ నాళం మళ్లీ తెరుచుకోవచ్చు. కానీ ఆ మందుతో ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. బోధన్ నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. దారి పొడుగునా శ్వాస అందించగల మనిషి అంబులెన్స్‌లో ఉండాలి.

ఆ ఏర్పాటుతోనే వాణ్ని హైదరాబాద్ పంపాం. అక్కడ తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి, కొద్ది మిల్లీమీటర్ల బెలూన్‌ను ఇరుకు దగ్గర కొన్ని సెకన్లు ఉబ్బించారు. కాళ్లు వెచ్చబడ్డాయి, మూత్రం వచ్చింది. గండం గడిచిందనుకున్నాను. "మళ్లీ ముడుచుకుంటుంది, పసికందుల్లో ఇది మామూలే. ఆపరేషన్‌కు తట్టుకునేదాకా గడువు దొరికింది, అంతే," అన్నారు అక్కడి డాక్టరు. ఆ ఆపరేషన్‌ను 1944లో స్వీడన్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ మొదలుపెట్టారు. హ్యూస్టన్‌లో పనిచేసిన డాక్టర్ పి. శ్యామసుందర్ రావు బెలూన్ పద్ధతిపై రాసిన వ్యాసాలు తర్వాత వెతికి చదివాను. పుస్తకాల్లో ఉన్నదంతా నాకు ముందే తెలుసుండాలి. తెలిసినా నా వేళ్లు అక్కడికి పోలేదు.

కొన్ని నెలలకు వాడికి ఆపరేషన్ అయింది.

వర్ని, రెంజల్, ఎడపల్లి, కోటగిరి తల్లులారా, పాలు మానేసి ఎగపోసే బిడ్డను తెచ్చినప్పుడు మమ్మల్ని అడగండి: గజ్జల్లో నాడి చూశారా అని. మేం తొందరలో ఉంటే మళ్లీ అడగండి.