ఎదురెక్కే చేపలు

జూన్ 8, శంకరంపేట
మృగశిర కార్తె. అంగడిలో చేపల దగ్గర నిలబడ సందు లేదు. అమ్ముతున్నవన్నీ బొచ్చె, రవ్వ. ఈ రోజు చేప తినకుంటే ఏడాదంతా రోగాలేనని ఇంట్లో గట్టి నమ్మకం. నేనూ కిలో తెచ్చాను. వాన జాడ లేదు.

జూన్ 21
రాత్రి వాన దంచికొట్టింది. తెల్లారి చెరువులోకి ఒర్రె దిగే చోటికి పోయాను. ఎర్రటి నీళ్లు ఉరుకుతున్నాయి. వాటికి ఎదురు పరకలు, జెల్లలు గుంపులుగా ఎక్కుతున్నాయి. రాయి తగిలితే వెనక్కి కొట్టుకుపోతాయి. గట్టు వారన వడి తగ్గిన చోట కాసేపు నిలిచి మళ్లీ ఎగురుతాయి. ఓ వాలుగ మడిలోకి చేరింది. వీపు మునిగేంత నీళ్లు కూడా లేవు, అయినా ముందుకే పోతోంది.

"కొత్త నీళ్లు తాకినంక చెర్ల చేప నిలుస్తదా సారూ?" అన్నాడు వలతో వచ్చిన కాక.

నిలవదు. కొత్తగా మునిగిన గడ్డిలో, మళ్లలో గుడ్లు పెట్టాలి. అక్కడ పిల్లలకు సన్న పురుగులు దొరుకుతాయి, మింగే పెద్ద చేపలు తక్కువ. అమెరికా పడమటి వాగుల్లో రెయిన్‌బో ట్రౌట్ వసంతంలో ఇట్లాగే ఎదురెక్కి గులకరాళ్లలో గుడ్లు పెడుతుంది. మన చేపలకు తొలకరే వసంతం.

జూన్ 22
బొచ్చె, రవ్వ సంగతి వేరు. అవి పారే నది వరదలో గుడ్లు పెడతాయి గానీ నిలిచిన చెరువులో మామూలుగా పెట్టవు. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించాడు. అందుకే ఇప్పుడు వాటి పిల్లలు బండ్లలో వచ్చి చెరువుల్లో పడుతున్నాయి. పరకకు, జెల్లకు ఏ బండీ రాదు. వాటికి ఉన్నది ఈ ఒర్రె ఒక్కటే.

జూన్ 24
మళ్లీ వరద. ఈసారి ఒర్రెకు అడ్డంగా ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా వల. పడినవన్నీ కడుపు నిండా గుడ్లున్నవే. గుడ్ల పులుసు రుచి నాకూ తెలుసు, పట్టొద్దని ఎవరికీ చెప్పలేను. పొట్ట గడవాలి కదా. కాకతో ఒక్కటే అన్నాను: మొదటి రెండు వరదలకు సగం ఒర్రె వదిలెయ్యి కాకా, మిగిలిన సగంలో నీ వల వేసుకో.