టేకు మీద తొందరపడ్డ పూత

ఎలక్ట్రిక్ గిటార్ బాడీకి ఏ పూత వెయ్యాలన్నది చెక్క కొనేనాడే తేల్చుకోవలసిన సంగతి. నేను దాన్ని చివరికి వదిలేశాను. పలక కొయ్యడం, చిత్రిక పట్టడం, పికప్‌లకు గాళ్లు తవ్వడం అన్నీ అయ్యాక మిగిలేది మెరుగు పెట్టడమే కదా అనుకున్నాను. విశాఖలో పాత ఇళ్ల కలప అమ్మేచోట మంచి టేకు దొరికింది. ఆ టేకుకి ఏ పూత పడుతుందో కనుక్కోకుండా, నాకు ఏది కావాలో ముందే నిర్ణయించేసుకున్నాను.

నాకు కావలసింది నైట్రోసెల్యులోజ్ లక్కర్. 1950లు, 60లలో ఫెండర్ గిటార్ల మీద వేసిన కస్టమ్ రంగులు చాలావరకు డ్యూపాంట్ కార్ల రంగులే. ఫియెస్టా రెడ్ అనేది ఫోర్డ్ కార్ల నుంచి వచ్చింది. అలాంటి పాత గిటార్ల మీద పొర సన్నగా చిట్లి, చెయ్యి ఆనేచోట అరిగి, కింద చెక్క కనిపిస్తుంది. ఆ అందం మీద నాకు నిజంగా మోజు. దానికి తోడు, పలచటి లక్కర్ వేస్తే నాదం బాగుంటుందని కూడా నమ్మాను. కానీ సాలిడ్ బాడీ గిటార్‌లో పికప్ పట్టేది ఉక్కు తీగల కదలికను. పికప్, తీగలు, బ్రిడ్జ్ తెచ్చే తేడా ముందు పైపూత తెచ్చే తేడా బహు స్వల్పం. వీణకో అకౌస్టిక్ గిటార్‌కో అయితే చెక్క పలకే కంపించి మోగాలి కాబట్టి అక్కడ పూత మందం లెక్కలోకి వస్తుంది. ఒక వాద్యానికి చెల్లే మాటను ఇంకో వాద్యానికి తగిలించి, దాని కోసమే పనంతా నడిపాను.

పైగా వానాకాలంలో మొదలుపెట్టాను. సముద్రపు గాలి, ముసురు. లక్కర్‌లోని తిన్నర్ గబగబా ఆవిరవుతూ పూసిన తలాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని తేమ ఆ చల్లదనానికి చేరి పొరలో చిక్కుకుంటుంది. బాడీ అంతా పాలు ఒలికినట్టు తెల్లబారింది. పొడి వాతావరణం వచ్చేదాకా ఆగడమో, మెల్లగా ఆరే రిటార్డర్ కలపడమో చెయ్యాలి. రెండూ చెయ్యకుండా, ఆ తెలుపు మీదే మరో పొర కొట్టాను. లక్కర్‌లో ఉన్న గొప్ప గుణం, కొత్త పొర పాత పొరను కరిగించి దానిలో కలిసిపోవడం. అందుకే గీత పడితే బాగుచెయ్యడం తేలిక. కానీ తేమను లోపల పెట్టుకుని పొర మీద పొర కట్టుకుంటూ పోతే ఆ గుణం ఏం ఆదుకుంటుంది?

టేకు రంధ్రాలున్న కలప. అద్దంలాంటి నునుపు కావాలంటే ముందు ఫిల్లర్ పట్టించి ఆ రంధ్రాలు మూయాలి. ఆల్డర్, మేపుల్ లాంటి ఒత్తు కలపలకు ఆ బెడద తక్కువ. నేను నేరుగా పూశాను. మొదట నున్నగానే కనిపించింది. తిన్నర్ పూర్తిగా పోయేకొద్దీ పొర కుంగి, ప్రతి రంధ్రమూ గుంటలా తేలింది. సమం చేద్దామని వాటర్ పేపర్‌తో రుద్దితే అంచుల దగ్గర పొర తెగి చెక్క బయటపడింది. వాడి అంచు మీద ఏ పూతయినా పలచబడిపోతుంది. పూయకముందే అంచులను కాస్త గుండ్రం చెయ్యాలి.

అంతా గీకేసి నూనెకు మారాను. చెక్కతో సాన్నిహిత్యం నూనె పూతలోనే ఉంటుందని ఇప్పటికీ నా అభిప్రాయం. చేతికి చెక్కే తగులుతుంది, ప్లాస్టిక్ తొడుగు తగలదు. కానీ అది ఆరలేదు, చేత్తో ముడితే జిగురు. మా వీధిలో తలుపులకు పాలిష్ చేసే పెద్దాయన వేలితో తాకి చూసి, "టేకుకి ఒంట్లోనే నూనె ఉంటది బాబూ. తుడవకుండా పూస్తే దేన్నీ ఆరనివ్వదు" అన్నారు. టేకులోని సహజ పదార్థాలు పైన వేసిన నూనె, వార్నిష్ గట్టిపడడాన్ని అడ్డుకుంటాయి. నాకు పనికొచ్చిన దారి ఇది. పూసేముందు అసిటోన్‌తో బాగా తుడిచి, ఆ వెంటనే లక్కతో పలచగా ఒక అడ్డుపొర వెయ్యడం.

ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్కే ఇది కూడా. పెంకులుగా దొరికే షెల్లాక్‌ను స్పిరిట్‌లో నానబెట్టి కదపకుండా ఉంచితే అందులోని మైనం అడుగున పేరుకుంటుంది. పైన తేటను మాత్రమే వంపుకోవాలి. మైనం మిగిలితే పైన వేసే పాలీయురేథేన్ పట్టు నిలవదు. ఆ తేటను గుడ్డతో ఒక పూత పూసి, ఆరాక, ఆయిల్ వార్నిష్‌ను పలచగా రుద్ది తుడుస్తూ పోయాను. అప్పుడు ఆరింది. టేకు చారలు తేనెరంగులో పైకి వచ్చాయి. లక్క ఒక్కదాన్నే ఉంచేస్తే సరిపోదా అని మిత్రులు అడుగుతుంటారు. లక్కకు స్పిరిటూ వేడీ పడవు. మోచేతి కింద చెమట కూడా దాన్ని పాడుచేస్తుంది. రోజూ వాయించే గిటార్‌కి అది అడుగుపొరగానే మేలు.

కార్ల షెడ్లలో కొట్టే రెండు డబ్బాల పీయూ (పాలీయురేథేన్) గట్టిదే, కాదనను. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ తుంపరను గుడ్డ మాస్కు ఆపలేదు, ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. మేడమీద, ఇంట్లో పిల్లలుండగా కొట్టే పని కాదు. కావాలంటే తగిన బూత్, గాలి అందించే మాస్కు ఉన్నచోట ఇచ్చి చేయించుకోవాలి. ఇవ్వబోయే ముందు నెక్ కూర్చునే గాడికి టేపు అంటించడం మరవకూడదు. లక్కర్ వేసినప్పుడు నేను మరిచాను. పొర మందానికి నెక్ దిగక, బలవంతంగా నొక్కితే గాడి అంచున పూత పెచ్చులేచింది. నూనె తుడిచిన గుడ్డలను కూడా ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆరే నూనె వేడి పుట్టిస్తుంది, ఆ వేడి చిక్కుకుంటే గుడ్డ తనంత తానే అంటుకుంటుంది. విప్పి, ఒక్కొక్కటిగా తీగ మీద ఆరెయ్యాలి.

ఇప్పుడు చేస్తున్న బాడీ పనస చెక్కతో. బొబ్బిలి వీణలు చేసేది ఆ కలపతోనే. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, వెలుతురు తగిలేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే రంగు కలపదలుచుకోలేదు. అదే పలకలోంచి మిగిలిన ముక్కలను మూడు రకాలుగా పూశాను: ఒకటి నూనె, ఒకటి లక్క మీద వార్నిష్, ఒకటి ఫిల్లర్ పట్టించి లక్కర్. ప్రతి ముక్కలో సగానికి నల్ల కాగితం చుట్టి ఎండలో పెట్టాను, ఏ పూత కింద చెక్క రంగు ఎలా తిరుగుతుందో చూడాలని. గోటితో నొక్కితే గుర్తు పడనంత గట్టిపడేదాకా వాటిలో దేన్నీ ఎంచుకోను. బాడీ ఇంకా పూత లేకుండానే ఉంది.