మంచునది మీద కుక్కల బండి

భవాని పేట్‌లో మే నెల ఎండ ఎట్లా ఉంటుందో అక్కడ పుట్టి పెరిగిన వారికి చెప్పనక్కరలేదు. పగటి వేడి నలభై డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద సాంచెలు నడిచే కార్ఖానాలో ఆ వేడి మరింత ఎక్కువ. వీధి కుక్కలు మోరీ పక్కన తడి మట్టిని గోకి, ఆ గుంటలో పొట్ట ఆనించి, నాలుక బయటపెట్టి పడుకుంటాయి. పొద్దు వాలేదాకా అవి లేవవు.

అటువంటి పేటలో నలభై సంవత్సరాలు చద్దర్లు నేసిన ఒక వృద్ధుడు 2019 జూన్ నెలలో అలాస్కాకు పోయి, ఒక హిమానీనదం మీద కుక్కల బండి ఎక్కి వచ్చాడు. తిరిగి వచ్చి ఈ సంగతి చెబితే సందులో మొదట ఎవరూ నమ్మలేదు. "కుక్కలు బండి గుంజుడేంది? ఎండకాలంల మంచేంది?" అని నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. పోకముందు తానూ కూతురిని అదే అడిగాడు మరి.

ఆయన పూర్వులు తెలంగాణ పల్లెల నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ షోలాపూరు చేరిన పద్మశాలీలు. ఆయన చిన్ననాటి నుంచి సాంచె ముందే పెరిగాడు. భార్య ఇంట్లో బీడీలు చుట్టేది. ఆ బీడీల పైసలూ ఈ చద్దర్ల కూలీ కలిపి ఉన్న ఒక్క కూతురిని పూనాలో ఇంజనీరింగు చదివించారు. చదువు పూర్తయిన కొన్నేళ్లకు తల్లి కన్నుమూసింది. 2014లో కార్ఖానాదారు పాత సాంచెలను భంగారుకు అమ్మివేయడంతో తండ్రి పనీ పోయింది.

పని పోయిన తర్వాత ఆయనను ఎక్కువగా బాధించినది నిశ్శబ్దం. సాంచెల మోత మధ్య నిద్రపోవడం ఆ పేట మనుషులకు అలవాటు. అక్కడ మోత వల్ల ఎవరికీ మెలకువ రాదు, మోత ఆగితే వస్తుంది. కరెంటు పోయిందంటే సాంచె ఆగినట్టు, సాంచె ఆగిందంటే ఆనాటి కూలి పోయినట్టు. ఏళ్ల తరబడి ఆ మోత విన్నందువల్ల ఆయనకు చెవులు కొంత మందగించాయి. అయినా తెల్లవారుజామున ఐదు గంటలకు లేచి కూర్చుని, ఏదో వినబడటం లేదని వెతుక్కునేవాడు.

కూతురు, అల్లుడు అమెరికాలోని సియాటిల్ నగరంలో ఉంటారు. తొమ్మిదేళ్ల మనవడికి తెలుగు అర్థమవుతుంది గాని మాట తొందరగా రాదు. ఆ వేసవి సెలవులలో అందరూ కలసి ఓడలో అలాస్కాకు బయలుదేరారు. అలాస్కా రాజధాని జునో. బయటి ఊళ్ల నుంచి అక్కడికి రోడ్డు లేదు. ఓడలోనైనా పోవాలి, విమానంలోనైనా పోవాలి. వెనుక కొండలు, ఆ కొండల వెనుక దాదాపు 3,900 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న మంచుక్షేత్రం. దాని నుంచి జారి వచ్చే అనేక హిమానీనదాలలో మెండెన్‌హాల్ ఒకటి. దాని పొడవు సుమారు 21 కిలోమీటర్లు. ఏళ్ల తరబడి కురిసిన మంచు తన బరువుకు తానే నొక్కుకుపోయి గడ్డకట్టి, కంటికి కనబడనంత మెల్లగా పల్లానికి జారుతుంది. అందుకే అది మంచుకొండ కాదు, మంచునది.

ఓడ రేవుకు చేరిన ఉదయమే తగాదా వచ్చింది. కుక్కల బండి ప్రయాణానికి ఒక్కొక్కరికి ఐదువందల డాలర్లకు పైగా అవుతుందని కూతురు చెప్పలేదు. చీటీ మీద ఆ అంకె ఆయన కంటబడింది. ఆయన మనసులోనే రూపాయలలోకి మార్చి చూశాడు. తన చివరి రోజులలో మూడు నెలలు నేస్తే వచ్చిన కూలి అది.

"నేను రాను. ఓడలనే ఉంట. మీరు పోయి రాండ్రి."

"బాపూ, నన్ను పూనాకు పంపినప్పుడు నువ్వు లెక్క చూసినవా?"

"అది చదువు. ఇది ఆట."

కూతురు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ ఏమీ చూడకుండనే పోయింది. నువ్వన్నా చూడు" అంది. ఆయన లేచి కోటు తొడుక్కున్నాడు. ఆ మాట ఆమె అనకుండా ఉండవలసిందేమో, కాని అనకపోతే ఆయన కదిలేవాడు కాదు.

హెలికాప్టరు ఎక్కేముందు ఒక్కొక్కరినీ త్రాసు మీద నిలబెట్టి తూచారు. బరువును బట్టి ఎవరు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయిస్తారు. బూట్ల మీద మంచులో జారని మరో జత బూట్లు తొడిగించారు. హెలికాప్టరు అడవిని దాటి, నీలం రంగు పగుళ్లతో నిండిన మంచు మీదుగా పైకి పోయింది. దిగిన చోట ఎటు చూసినా తెలుపే. ఉతికి ఆరవేసిన దుప్పటి వలె ఉంది. నల్ల కళ్లద్దాలు లేకుండా కళ్లు తెరవడం కష్టమైంది.

అక్కడ వరుసలుగా కుక్కల గూళ్లు, కొన్ని గుడారాలు ఉన్నాయి. వేసవి రాకముందే కుక్కలను హెలికాప్టర్లలో పైకి తెస్తారు. వాటి తిండి, పక్కకు వేసే గడ్డి కూడా అట్లాగే వస్తాయి. చెత్త అట్లాగే కిందికి పోతుంది. ఇంత శ్రమ ఎందుకంటే, కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ప్రధానమైన చల్లదనం. వెచ్చని నేల మీద బండి లాగితే ఒంటి వేడి పెరిగి ప్రాణానికే ముప్పు వస్తుంది. మంచు మీదనైతే వేసవిలోనూ అభ్యాసం సాగుతుంది. ఇక్కడ అభ్యాసం చేసే కుక్కలలో కొన్ని చలికాలంలో వందల కిలోమీటర్ల పందేలలో పరుగెత్తుతాయి. అన్నిటిలోకి పేరు పొందిన ఇడిటరాడ్ పందెం 1973 నుంచి జరుగుతున్నది. అది సుమారు 1,600 కిలోమీటర్ల దూరం.

ఆయన పెద్ద పెద్ద జంతువులను ఊహించుకున్నాడు. తీరా చూస్తే అవి సన్నని కాళ్లతో, ఇరవై, ఇరవై ఐదు కిలోల బరువుతో ఇంచుమించు మన వీధి కుక్కల మాదిరిగానే ఉన్నాయి. "మన మోరీకాడ పండుకునే కుక్కలే గదరా ఇవి!" అని మనవడితో అన్నాడు. మనవడు నవ్వి, "మోరీ అంటే?" అని అడిగాడు. దానికి జవాబు చెప్పడానికి కొంత సమయం పట్టింది.

బండి తోలే యువతి జీను పట్టీలు బయటికి తీయగానే కుక్కలన్నీ ఒక్కసారిగా లేచి అరవసాగాయి. గెంతాయి, గొలుసులు గుంజాయి, ఏడ్చినట్టు ఊళ వేశాయి. మందగించిన చెవులకు కూడా ఆ గోల స్పష్టంగా వినబడింది. ఆయనకు ఒక్క క్షణం కార్ఖానా గుర్తుకు వచ్చింది. ఆమె కావలసిన వాటిని ఎంచి, రెండేసి చొప్పున పొడవైన తాడుకు కట్టింది. అన్నిటికన్నా ముందు నిలిచేవి తెలివైనవి, మాట వినేవి. బండికి దగ్గరగా ఉండేవి బలమైనవి. కళ్లెం లేదు, కొరడా లేదు. 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకు. అంతా మాట మీదనే.

మంచులో గుచ్చిన ఇనుప కొక్కెం పీకగానే బండి కదిలింది. అంతే, అరుపులన్నీ ఆగిపోయాయి. మంచు మీద పట్టీలు జారే సన్నని సరసర, కుక్కల ఊపిరి తప్ప మరే శబ్దం లేదు. పరుగెత్తుతూనే అవి తల వంచి నోటినిండా మంచు కొరుక్కుని మింగుతున్నాయి. ఆయన బండి అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. నిశ్శబ్దమంటే పని ఆగిపోవడమేనని తెలిసిన మనిషి ఆయన. ఇక్కడ పని మొదలైతే నిశ్శబ్దం.

మధ్యలో బండి నిలిపినప్పుడు కూతురి ద్వారా ఆయన ఆ యువతిని అడిగాడు: "గుంజనని మొరాయిస్తే ఏం చేస్తరు?" తాడును వెనుక నుంచి నెట్టి ఎవరూ కుక్కను నడిపించలేరని, ఇష్టం లేని దానిని విప్పివేస్తారని ఆమె చెప్పింది. కుక్కలతో ఇట్లా పని చేయించడం తగదని, రోజుల తరబడి గొలుసుకు కట్టి ఉంచడం క్రూరమని వాదించేవారు ఆ దేశంలోనే ఉన్నారు. అది కొట్టివేయదగిన మాట కాదు. గొలుసులు ఆయనా చూశాడు.

ఆమె మనవడికి ఒక పాత కథ చెప్పింది. 1925 జనవరిలో నోమ్ అనే మారుమూల ఊరిలో కంఠసర్పి వ్యాధి పిల్లలను పట్టుకుంది. మందు రైలులో నెనానా వరకే రాగలిగింది. అక్కడి నుంచి 1,085 కిలోమీటర్లు. ఇరవై మంది బండివాళ్లు, సుమారు నూట యాభై కుక్కలు ఒకరి చేతి నుంచి మరొకరు అందుకుంటూ, మంచు తుఫానులో, ఐదున్నర రోజులలో ఆ మందును చేర్చారు. చివరి బండికి ముందు నిలిచిన బాల్టో పేరు లోకమంతా ఎక్కింది. అన్నిటికన్నా ఎక్కువ దూరం, అపాయమైన దారిలో నడిపిన టోగో అప్పటికి పన్నెండేళ్ల ముసలిది. దాని పేరు చాలాకాలం వెనుకబడే ఉంది.

బండి తిరిగి వచ్చాక అందరూ ఫోటోలు దిగుతుంటే ఆయన చివరి గూటి దగ్గరకు పోయాడు. అక్కడ ఒక కుక్క ఇంకా మూలుగుతూనే ఉంది. మూతి నెరిసింది. ఉదయం జీనులు తీసినప్పుడు అన్నిటికన్నా గట్టిగా అరిచినది అదే, దానిని ఎవరూ కట్టలేదు. వయసు పదేళ్లని, మోకాలు సరిలేదని, దించేస్తే కింద ఒంటరిగా ఉండలేదని పైనే ఉంచారని తెలిసింది. ఆయన మంచులో గొంతుకూర్చున్నాడు. అది వచ్చి ఆయన తొడ మీద తల పెట్టింది.

"నీ సాంచె గూడ అమ్మిండ్రా?" అన్నాడు మెల్లగా.

కూతురు ఆ మాట వింది. పిలవడానికి వచ్చినది, పిలవకుండా అక్కడే నిలబడిపోయింది. హెలికాప్టరు వచ్చేదాకా ముగ్గురూ అట్లాగే ఉన్నారు.

ఆ హిమానీనదం ఏటేటా వెనక్కి తగ్గుతున్నది. 2023, 2024 ఆగస్టు నెలలలో దాని పక్క లోయలో నిలిచిన కరుగునీరు ఒక్కసారిగా బయటపడి జునోలోని ఇళ్లను ముంచెత్తింది. కూతురు ఫోనులో ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన ముందుగా అడిగినది కుక్కల గురించి. అవి ఎంతో పైన ఉంటాయి, వాటికేమీ కాలేదని ఆమె చెప్పింది. ముసలిదాని సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

అమెరికా నుంచి వచ్చిన వారం రోజులకే ఆయన తెల్లవారుజామున తమ్ముడి కొడుకు కార్ఖానాకు పోయి, మూలనున్న రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టసాగాడు. ఆ అబ్బాయి కంగారుపడి, "పెద్దబాపూ, నీకెందుకు ఈ పని? ఇంట్ల కూసోరాదు?" అన్నాడు.

"నిన్ను కూలి అడిగిన్నా?" అన్నాడాయన.

అబ్బాయి మరేమీ అనక సాంచె మీట నొక్కాడు. మోత మొదలైంది.