తిరుచానూరు నుండి న్యాయ కళాశాలకు

తిరుపతికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుచానూరు, పద్మావతి అమ్మవారి ఆలయం వలన అందరికీ తెలిసిన ఊరు. బస్సు దిగగానే యాత్రికుల సందడి, పూల అంగళ్ళు కనిపిస్తాయి. ఆ వీధులు దాటి పొలాల వైపు నడిస్తే మాత్రం మన పల్లెల వంటిదే. ఇక్కడి ప్రాచీన శాసనాలలో ఈ ఊరి సభ ప్రస్తావన ఉంది. దీపాల ఖర్చుకు దాతలిచ్చిన సొమ్ము ఆ సభ పుచ్చుకొని, ఒప్పుకున్న పని జరిపించే పూచీ వహించేది. రాతకు కట్టుబడడం ఇక్కడ పాత అలవాటే.

ఈ ఊళ్ళో ఒక రైతు ఇంట మేము ఒక పూట ఉన్నాము. పెద్దమ్మాయి ఇంటర్ ముగించి లా చదువుతానంటున్నది. "బెంగుళూరులో పెద్ద కాలేజీ ఉందంట. అరెకరా మామిడితోట అమ్మితే సరిపోతాది" అన్నాడు తండ్రి. "ఆడబిడ్డను అంత దూరం ఎట్ల పంపేది?" అన్నది తల్లి. "తోట సంగతి తర్వాత చూద్దాం నాయనా. ఆ కాలేజీకి బార్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ముందు కనుక్కుందాం" అన్నది ఆ అమ్మాయి.

ఆ బిడ్డ అడిగిన ప్రశ్నే మొదటిది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు లేని కళాశాలలో చదివితే, పట్టా చేతికి వచ్చినా న్యాయవాదిగా నమోదు కావడం కష్టం. భవనం గొప్పదని, ప్రకటన పెద్దదని నమ్మరాదు. మనవాడు చేరే సంవత్సరానికి గుర్తింపు ఉన్నదా అని కాగితం చూపించమని అడగాలి. పోస్టు ద్వారా చదివే న్యాయ పట్టాతో వకీలు కాలేరు.

ఇంటర్ తర్వాత 5 సంవత్సరాల కోర్సు, డిగ్రీ తర్వాత 3 సంవత్సరాల కోర్సు ఉన్నాయి. రాష్ట్రంలోని కళాశాలలకు లాసెట్ రాయాలి. విశాఖపట్నంలో 2008లో ఏర్పడిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వంటి వాటికి క్లాట్ పరీక్ష వేరే ఉంటుంది. చదువు ముగిశాక బార్ కౌన్సిల్‌లో నమోదై, అఖిల భారత బార్ పరీక్ష కూడా నెగ్గాలి.

దూరం వెళ్ళక ముందు దగ్గర ఏమున్నదో చూడండి. తిరుపతిలో 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో ఆడపిల్లల కోసం స్థాపించిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. రెండింటిలోనూ న్యాయశాస్త్ర విభాగాలున్నాయి. తిరుచానూరు బిడ్డ ఇంటి అన్నం తిని బస్సులో వెళ్ళి రావచ్చు. ఊళ్ళోనే కోర్టులుండడం వలన వాదనలు కళ్ళారా చూడవచ్చు.

మన సంఘాల కుటుంబాలు మరువకూడని విషయం మరొకటి. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైన వారిని, వారి పిల్లలను మన రాష్ట్రంలో బీసీ-సి వర్గంగా లెక్కిస్తారు. వారికి 1 శాతం రిజర్వేషన్ ఉంది. తహసీల్దారు కార్యాలయంలో ఆ ధ్రువపత్రం ముందుగానే తీసి ఉంచండి. కౌన్సెలింగ్ నాడు పరుగులు తీస్తే సీటు చేజారిపోవచ్చు.

తలిదండ్రులారా, డబ్బు కట్టక ముందు ఒకసారి ఆ కళాశాలకు బిడ్డతో కలిసి వెళ్ళండి. తరగతులు సక్రమంగా జరుగుతున్నాయా, గ్రంథాలయంలో పుస్తకాలున్నాయా, విద్యార్థుల చేత వాదనల అభ్యాసం చేయిస్తున్నారా అని అక్కడ చదివే పిల్లలనే అడగండి. కోర్టులో పనిచేసే వకీలు మీ సంఘంలో ఉంటే ఆయన సలహా తీసుకోండి. అన్నీ విన్న తర్వాత బిడ్డ మాట కూడా వినండి. చదవవలసినది ఆ బిడ్డే గదా!