జబ్బ గాదు, గిట్ట

పోళా అంటే మా సిరొంచలో రెండు భాషల పండుగ. మనవాళ్ళకు పొలాల అమావాస్య, ఊరికి పోళా. ముందురోజు సాయంత్రం ఎడ్ల మెడమీద, కాడి ఒరుసుకునే చోట నెయ్యీ పసుపూ కలిపి రుద్దుతారు. మరాఠీలో ఖాంద్ శేకణే అంటారు, భుజం కాపడమన్నమాట. తెల్లారి కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. బండి మోసేది మెడ ఒక్కటే అయినట్టు, గిట్టల సంగతి ఎవరికీ పట్టదు. మా తాతకు దీనిమీదే కోపం.

ఓ ఏడు నాట్ల వేళ మా వలపటెద్దు పొద్దున లేచి ముందు కాలు నేలకు ఆనించలేదు. రాత్రి బాగానే ఉంది. చూడొచ్చిన వాళ్ళంతా జబ్బ పట్టుకుందన్నారు. వాతలు పెట్టమన్నారు, కాల్చే చువ్వ కూడా తెచ్చారు. తాత కదల్లేదు. "జబ్బ గాదురా, ముందుగాల గిట్ట లేపి సూడుండ్రి" అన్నాడు.

లేపి చూస్తే గిట్ట వేడిగా ఉంది. వేళ్ళతో నొక్కితే ఎద్దు ఒళ్ళంతా వణికింది. కడిగాక అడుగున సన్నని నల్లటి చుక్క కనబడింది, ఎప్పుడో గుచ్చుకున్న మొరంరాయి దారి. పశువుల డాక్టరుగారు వచ్చి కత్తితో అక్కడ కొంచెం చెక్కేసరికి నల్లటి కంపు చీము కారింది. సాయంత్రానికి ఎద్దు కాలు ఆనించింది.

ఇందులో మాయేమీ లేదు. మన వేలికి చీము పడితే చర్మం ఉబ్బుతుంది. గిట్ట గోరులాంటిది, ఉబ్బదు. లోపల చీముకు చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది, అందుకే అంత నొప్పి, అంత హఠాత్తుగా. దారి చూపకపోతే చీమే పైకి పాకి, గిట్టకూ వెంట్రుకలకూ మధ్య పగులుతుంది. గుర్రాలకూ ఇంతే. కాలు విరిగిందేమో అనిపించేంత కుంటుతాయి, చాలాసార్లు అది గిట్టలో చీమే అవుతుంది. గుర్రానికి ధనుర్వాతం భయం మరీ ఎక్కువ, సూది తప్పదు.

చీము పోయాక గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో కాలు ఉంచడం, దూదితో మూసి కట్టు కట్టడం, పొడి నేలమీద కట్టేయడం మా పని. వానాకాలం బురదలో నాని గిట్ట మెత్తబడుతుంది, రాయి సులువుగా దిగుతుంది. ఎద్దుకు చీలిన గిట్ట గనక, నొప్పి లేని సగానికి చెక్కముక్క అతికించి బరువంతా దానిమీదికి మళ్ళించే పద్ధతి కూడా ఉంది. మా ఎద్దుకు అంతదాకా రాలేదు.

ఒక్క జాగ్రత్త. నోట చొంగ కారుతూ, జ్వరంతో, మందలో రెండు మూడు పశువులు ఒకేసారి కుంటితే అది వేరు. మనం గాలికుంటు అనేది, ఇక్కడి దవాఖానాలో లాళ్యా ఖుర్కుత్ అనేది. అంటుకునే రోగం, కత్తి పని కాదు. ఆ పశువుల్ని వేరుగా కట్టేసి డాక్టరుకు కబురు పెట్టాలి.

వాతల అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. కాల్చిన మచ్చ జన్మంతా ఉంటుంది, లోపలి చీము అలాగే ఉంటుంది. నాకైతే ఆ చువ్వను చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాదాల విలువ తెలిసినవాళ్ళు మా జిల్లాలోనే ఉన్నారు. కమలాపూర్ ఏనుగుల క్యాంపులో అటవీశాఖవాళ్ళు ఏటా చలికాలంలో కొన్నాళ్ళు ఏనుగులకు పని మాన్పించి, వనమూలికలు మరిగించిన మందు అరికాళ్ళకు వేడివేడిగా అద్దుతారు. చోపింగ్ అంటారు దాన్ని. ఒకప్పుడు అడవిలో దుంగలు లాగిన జాతి అది. మావటి ముందు కాళ్ళ దగ్గరే కూర్చుంటాడు.