నెహెమ్యా, మా తాతగారు, అరెకరం చెక్క

1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా మా తాతగారు ఊరి మునసబు. ఎవరి దగ్గరా తమలపాకుల కట్ట కూడా ఊరికే పుచ్చుకోలేదని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నలుగురిలో నేనూ గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఆ గర్వానికి బీట వేసినది బైబిలులో నెహెమ్యా గ్రంథం, ఐదవ అధ్యాయం. భక్తి వల్ల కాదు, పాత తెలుగు అనువాదపు వచనం మీది మోజు వల్ల అప్పుడప్పుడు ఆ పుస్తకం తిరగేయడం నాకు అలవాటు.

నెహెమ్యా షూషను కోటలో పారశీక చక్రవర్తి అర్తహషస్తకు ద్రాక్షారసపు గిన్నె అందించే కొలువులో ఉండేవాడు. క్రీ.పూ. 445లో రాజు సెలవు పుచ్చుకొని, పాడుబడిన యెరూషలేము ప్రాకారం కట్టించడానికి వచ్చాడు. యూదా దేశానికి అధికారి అయ్యాడు. గోడ 52 రోజుల్లో పూర్తయింది. నాయకత్వం మీద ఉపన్యాసాలిచ్చేవారికి మహా ఇష్టమైన లెక్క అది. నన్ను పట్టి నిలిపినది మాత్రం ఆ గోడ కాదు.

కరువొచ్చింది. తిండిగింజల కోసం కొందరు పొలాలూ, ద్రాక్షతోటలూ, ఇళ్ళూ కుదువబెట్టారు. రాజుగారి పన్ను కట్టడానికి కొందరు అప్పుచేశారు. కన్నబిడ్డలను దాస్యానికి అప్పగించవలసి వచ్చింది. అప్పిచ్చినది పరాయివాళ్ళు కారు, స్వజాతి పెద్దలే. మొరపెట్టుకున్నవారిలో ఆడవాళ్ళూ ఉన్నారని గ్రంథం ప్రత్యేకించి చెబుతుంది.

నెహెమ్యాకు ఒళ్ళు మండింది. అయినా ముందు తనలో తాను ఆలోచించుకున్నాడు. తరువాత సభ పిలిచి పెద్దలను అందరి ఎదుటా నిలదీశాడు. వాళ్ళకు నోట మాట రాలేదు. ఇంతవరకు ఏ నాయకుడైనా చేస్తాడు. ఆ తరువాతి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తానూ, తన బంధువులూ, తన పనివాళ్ళూ కూడా ఆ జనానికి డబ్బూ ధాన్యమూ అప్పిచ్చినవాళ్ళమేనని సభలోనే చెప్పేశాడు! మానవలసినవారి జాబితాలో తననూ కలుపుకున్నాడు. పొలాలూ తోటలూ ఇళ్ళూ ఆ రోజే తిరిగి ఇచ్చేయాలన్నాడు, వసూలు చేస్తున్న నూరవ వంతుతో సహా. ఆ నూరవ వంతు నెలకని పలువురు వ్యాఖ్యాతలు అంటారు. మన లెక్కలో రూపాయి వడ్డీ అన్నమాట. పల్లెల్లో దాన్ని ధర్మవడ్డీ అనడం విన్నాను. మా తాతగారిది రెండు రూపాయలు.

పెద్దలు సరేనన్నారు. నెహెమ్యా అంతటితో వదలకుండా యాజకులను పిలిపించి ప్రమాణం చేయించాడు. మనుషులను ఎరిగినవాడు!

పన్నెండేళ్ళపాటు అధికారికి రావలసిన భత్యం ముట్టలేదు. మునుపటివారు తిండీ ద్రాక్షారసమూ కాక నలభై తులాల వెండి రాబట్టేవారు. వారి నౌకర్ల పెత్తనం వేరు. ఈయన పంక్తిలో నూటయాభైమంది పెద్దలూ అధికారులూ, రోజుకొక ఎద్దు, ఆరు మేలైన గొర్రెలు, కోళ్ళు. భూమి సంపాదించుకోలేదని కూడా రాసుకున్నాడు. కరువులో భూమి ఎంత చవకగా దొరుకుతుందో తెలిసినవారికి ఆ మాట బరువు తెలుస్తుంది.

వినయశీలి అనడానికి మాత్రం నాకు సందేహమే. తన మంచిని దేవుడికి గుర్తుచేస్తూ అధ్యాయం ముగిస్తాడు. చివరి అధ్యాయంలో కొందరిని కొట్టి, జుట్టు కూడా పీకుతాడు. ఆయన వినయమంతా సభలో చేసిన ఆ ఒక్క ఒప్పుకోలులోనే ఉందనిపిస్తుంది.

నాన్నగారు పోయాక తాతగారి ట్రంకుపెట్టె తెరిచాము. ఎప్పుడో కాలదోషం పట్టిన ప్రామిసరీ నోట్లు బయటపడ్డాయి. ఒకదాని వెనుక 'పొలం ద్వారా చెల్లు' అని తాతగారి దస్తూరి. చెరువు కింది మా అరెకరం చెక్క తాలూకు కథ అది. కరువు ఏడాది గింజలకు అప్పుతీసుకున్న కుటుంబం, తీర్చలేక రాసిచ్చి ఊరు వదిలిపోయింది. రిజిస్ట్రీ సవ్యంగానే ఉంది. నా ఇంజనీరింగు ఫీజులో ఆ చెక్క కౌలు ఉంది. తాతగారు లంచం ముట్టలేదన్నది అబద్ధం కాదు. కాని మునసబుగారి బాకీ గనుకనే వాళ్ళు ఎదురు మాట్లాడి ఉండరు.

పోయిన నెల తమ్ముడు ఫోన్ చేశాడు. రోడ్డు పడుతోందట, ఆ చెక్కకు మంచి బేరం తగిలిందట, సంతకానికి ఎప్పుడొస్తావన్నాడు. ఆ కుటుంబం ఇప్పుడెక్కడ ఉందో ముందు కనుక్కోమన్నాను. ఎందుకన్నాడు. నోటు సంగతి చెప్పాను. చాలాసేపు అవతలినుంచి మాట లేదు.

"తాతయ్య పేరు ఏమైపోవాలి అన్నయ్యా?" అన్నాడు చివరికి.

మనమూ తిన్నాము కదురా అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు. సంతకం ఇంకా పెట్టలేదు.