కపిలేశ్వరపురపు రేవున బంతి విసరు బాలికలు

ఆషాఢము ప్రవేశించిన నాలుగవ దినమున మా వదినగారింటికి కపిలేశ్వరపురము పోయితిమి. మండపేట దాటినది మొదలు బాట కిరువైపుల వరిమడులు దుక్కికి సిద్ధమై నీరు నిండి యుండెను. గట్లవెంబడి కొబ్బరిచెట్లు నీటిలో తలక్రిందుగా కనబడుచుండెను. ఊరు చేరుసరికి ప్రొద్దు వాలినది. పెట్టె వాకిట దింపి, కాళ్లైనను కడుగుకొనక, నేను తిన్నగా ఏటిగట్టెక్కితిని. గోదావరిని చూడక ఆ యింట మంచినీళ్లు త్రాగుట నాకలవాటు లేదు.

ధవళేశ్వరము దిగువ గోదావరి చీలి గౌతమి యనియు వసిష్ఠ యనియు పేళ్లు దాల్చిన సంగతి మన సోదరీమణు లెఱిగినదే. ఈ యూరు గౌతమికి ఎడమగట్టున నున్నది. నేను పోయిన నాటికి క్రొత్తనీరు అప్పుడప్పుడే దిగుచున్నది. నడి యేటిలో ఎఱ్ఱనిచార, ఒడ్డున ఇంకను వేసవినాటి తేటనీరు. రెండును కలియక ప్రక్కప్రక్కనే నడచుచుండెను. లంకలనుండి అరటిగెలలు, వంకాయగంపలు దింపిన పడవలు రేవున కట్టివేసి యుండెను. మరి పది పదునైదు దినములలో ఎఱ్ఱనీ రొడ్డుల నొరసికొని పోవుననియు, అప్పుడు పడవ కట్టుట సరంగుల యిష్టముగాక యేటి యిష్టమనియు మా వదినగారు చెప్పిరి. ఈ మాట ముందు మరల రావలసియున్నది.

ఈ యూరి పేరు చెప్పగానే హరికథాభిమానులకు తోచునది 1973లో ఇచట వెలసిన శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల. దూరపు జిల్లాలనుండి సయితము ఆడపిల్లలు వచ్చి, ఇచటనే యుండి, సంగీతమును, సాహిత్యమును, నృత్యమును, కథ చెప్పు తీరును అభ్యసింతురు. ఆదిభట్ల నారాయణదాసుగారు కాలికి గజ్జె కట్టి, చిరుతలు పట్టి నడపిన విద్య నేడు ఆడపిల్లల చేతిలో నిలిచియుండుట నాకెప్పుడును సంతోషకరమే. దానిని గూర్చి వేరొకసారి వ్రాయుదును. ఈసారి నన్ను కట్టివేసినది మఱియొక పాఠశాల వెనుకనున్న పచ్చికబయలు.

మా వదినగారి కూతురు తొమ్మిదవ తరగతి చదువుచున్నది. దాని బడిలో ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ ఆట కలదు. నిరుడు అయిదాటలాడి నాలుగోడిరి. ఈ యేడు పోటీలకు పిల్లల నేర్పరచుటకు ముందు బంతి విసరువారి నందఱను వరుసగా నిలిపి చూడదలచితినని వారి వ్యాయామోపాధ్యాయురాలు మావారికి కబురుచేసెను. మావారు బడిపంతులు, పూర్వము కొంతకాల మీయాట నాడించిరి. ఆయనవెంట నేనును పోయితిని. ఊరక కూర్చుండుటకే పోయితిని గాని, కూర్చుండలేకపోయితిని.

ఈయాట తెలియనివారికై నాలుగు మాటలు. అమెరికాదేశపు షికాగో నగరమున 1887లో, చలికాలమున ఇంటిలోపల ఆడుకొనుటకై, బేస్‌బాల్‌ను మార్చి దీనిని కల్పించిరి. బంతి బేస్‌బాల్‌కంటె పెద్దది, చుట్టుకొలత పండ్రెండంగుళములు. పేరునకు మెత్తనిదేగాని చేతికి తగిలినచో మెత్తదనము తెలియదు! బేస్‌బాల్‌లో భుజముమీదినుండి విసరుదురు. ఇందులో చేయి గాలిమరవలె ఒక్క చుట్టు తిప్పి, తుంటి ప్రక్కనుండి క్రిందివాటుగ బంతిని వదలవలెను. స్త్రీల పోటీలలో విసరుచోటికిని బల్ల పట్టుకొన్నవారు నిలుచుచోటికిని నడుమ 43 అడుగులే దూరము. అందుచేత కొట్టువారికి ఆలోచించుకొన వ్యవధి లేదు. ఆట బరువంతయు విసరు పిల్లమీదనే పడును. బంతి హద్దుతప్పి నాలుగుమారులు వచ్చెనా, ఎదుటి పిల్ల బల్ల ఆడింపకయే మొదటి మజిలీకి నడచిపోవును. మజిలీలు మూడును నిండియున్నచో అట్టి నడక యొక్కొక్కటి యొక్కొక్క పరుగగును.

మా మేనకోడలు బంతి పట్టుపిల్ల. విసరువారి కెదురుగ మోకాళ్లపై కూర్చుండి వచ్చినదానినెల్ల పట్టుట దానిపని. అది నిరుటి లెక్కలు ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచినది. కడపటి యాటలో ఎదుటివారికి పదునొకండు పరుగులు వచ్చెను. అందు ఏడు, ఎవరును కొట్టకుండ, నడకచేతనే వచ్చినవి! “మేము ఓడలేదత్తయ్యా, దానము చేశాము” అనెను. నేను నవ్వితినిగాని ఆ పిల్ల నవ్వలేదు.

మొదట నిలిచినది పొడగరి. పదునాలుగేండ్లకే నాకంటె జేనెడు ఎత్తు. చేయి తిరిగినప్పుడు గాలి చప్పుడు వినవచ్చెను. ఇరువది బంతులు విసరినది. నే లెక్కించితిని, పదునొకండు హద్దు తప్పినవి. తప్పినవానిలో ఒకటి నా తలమీదుగ పోయి గోడకు తగిలెను. వేగమున దీనికి సాటి లేదు. కాని ఒక బంతి తప్పగానే ముఖము మారును, ముఖము మారగానే అడుగు మారును. తప్పు చేతిలో లేదు, ముందడుగులో నున్నదని మావారనిరి. ఆ యడుగు ప్రతిసారియు ఒకేచోట పడవలెనట. నేలమీద సుద్దతో గీత గీసి దానిపై అడుగు వేయింపగా తరువాతి పదింటిలో ఏడు సరిగా వచ్చినవి. హరికథాపాఠశాలలో పిల్లలకు అడుగుపెట్టుట మొదట నేర్పుట నేను చూచియుంటిని. పాటకైనను బంతికైనను పాదమే మొదలు కాబోలు.

రెండవది పొట్టిది, నెమ్మదియైనది. వేగము లేదుగాని చెప్పినచోట బంతి పెట్టగలదు. ఒకే విధముగ చేయి త్రిప్పుచు నడుమనడుమ మందముగ వదలును. కొట్టువారు తొందరపడి ముందే బల్ల త్రిప్పి నవ్వులపా లగుదురు. అయితే ఈ పిల్ల బంతిని కొట్టువారు పలువురుందురు గనుక, బయట పట్టువారు మెలకువగా నుండవలెను. వారు నిరుడు మెలకువగా నుండిరా? నోటుపుస్తకము లేదని చెప్పుచున్నది.

మూడవది ఎడమచేతివాటపు పిల్ల. దీని నాయనమ్మ అన్నము ఎడమచేత తిన్నచో చేతిమీద కొట్టెడిదట. 2025 నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలో మన ఆడపిల్లలు క్రికెట్ ప్రపంచకప్పు గెలిచిన దినమున, మన కడప జిల్లా శ్రీచరణి ఎడమచేత బంతులు వేయుట టీవీలో చూచి ఆ ముసలమ్మ “పోనీ, బంతికి పరవాలేదు, అన్నానికి మాత్రం కుడిచెయ్యే” అని తీర్పు చెప్పినదట. పిల్ల చేతికి సహజమైన వంపు కలదు. కాని ఇంకను ఏడవ తరగతి. ఒక్క ఇన్నింగ్సు విసరుసరికి అలసిపోయినది. దీనిని ఈ యేడు తొందరపెట్టరాదని నా మతము.

నాలుగవది లంకపిల్ల. దినమును పడవలో వచ్చి పడవలో పోవును. నిరుడు గెలిచిన యొక్క యాటయు దీనిదే. దీనిచేయి తిరుగుట చూచినప్పుడు నాకు దండి దశకుమారచరితములోని కందుకావతి జ్ఞప్తికి వచ్చినది. ఆ రాజపుత్రి దేవి ప్రీతికై పురజనులయెదుట బంతియాడెను గదా! ఆడుది బయట బంతియాడుట వింతయని ముక్కుమీద వేలు పెట్టువారు ఆ కథ నొకమారు చదువవలెను. లంకపిల్ల వేగముగ వేసినను, మందముగ వేసినను, బంతి బల్లముందర చటుక్కున క్రిందికి దిగును. ఇరువదింటిలో పదునాఱు సరిగా వచ్చినవి. అందఱము చప్పట్లు కొట్టితిమి.

అప్పుడు నేనొకటి గమనించితిని. పండ్రెండవ బంతి తరువాత ఆ పిల్ల ఎడమచేతితో కుడిభుజము ముందుప్రక్క నొక్కుకొనెను. పదునాఱవదాని తరువాత మరల నొక్కుకొనెను. నేను దగ్గఱకు పోయి అడుగగా “ఏమీ లేదండీ అమ్మగారూ” అనెను. ఏమీ లేదన్న ఆడపిల్ల మాటకు అర్థము తల్లులకు తెలియును. మరల మరల అడుగగా, నిరుడు వరుసగా రెండు దినములలో నాలుగాటలు తానే విసరితిననియు, అప్పటినుండి తలదువ్వుకొనునప్పుడు నొప్పి యనియు చెప్పినది. తలపని నెలల తరబడి చెల్లెలిచేత చేయించుకొనుచున్నది!

ఉపాధ్యాయురాలు మంచిమనిషి, తెల్లబోయినది. క్రిందివాటు విసరు సహజమైనదనియు, భుజమునకు కీడు చేయదనియు చిరకాలమునుండి ఆటలవారిలో నొక నమ్మకము కలదు. ఆమెకును అట్లే నేర్పిరి. కాని విశ్రాంతి లేక విసరినచో ఈ వాటమునను భుజపునరములు వాచి నొప్పెట్టునని నేటి వైద్యులు చెప్పుచున్నారు.

“ఈ పిల్లను ఆపితే మాకెవరున్నారండీ? ఈసారి కూడా ఓడితే ఆట తీసేసి ఆ పీరియడ్ లెక్కలకిస్తారు” అని ఆమె కన్నుల నీరు పెట్టుకొనెను. ఆమె భయము వట్టిది కాదు. ఓడిన జట్టునకు బంతులు కొనిపెట్టు పెద్దమనుష్యులు ఏయూరను తఱచుగ లేరు.

మావారు జపాను దేశపు ఉయెనో యుకికో కథ చెప్పిరి. 2008లో బీజింగ్ ఒలింపిక్సున ఆమె రెండు దినములలో మూడాటలాడి 413 బంతులు విసరి అమెరికాను గెలిచినది. ఈ కథ వినగానే లంకపిల్ల కన్నులు మెరసినవి. నాకు మాత్రము ఆయనపై కోపము వచ్చినది, ఇట్టి సమయమున ఇట్టి కథయా అని. ఆయన ఆగక మిగిలినది చెప్పిరి. తరువాత రెండు ఒలింపిక్సులలో ఈయాట లేకపోయెను. 2021లో టోక్యోలో మరల పెట్టినప్పుడు ఉయెనోకు ముప్పదితొమ్మిదేండ్లు. కడపటి యాటలో ఆరవ ఇన్నింగ్సున బంతి ఇరువదేండ్ల గోతో మియు చేతి కిచ్చి ఆమె తప్పుకొనెను. ఏడవ ఇన్నింగ్సునకు మరల వచ్చి ముగించెను. జపాను రెండు పరుగులతో, ఎదుటివారికి ఒక్కటియు నీయక గెలిచెను. మొదట ఆడినవారు ఒకమారు తప్పుకొని మరల రావచ్చునని ఈయాటలో నియమ మున్నది. నిరుడు మనవా రా నియమమును ఒక్కసారియైన వాడుకొనలేదు.

చివరకు ఇట్లు నిశ్చయమైనది. ముందు లంకపిల్లను వైద్యునికి చూపవలెను. ఆయన సరేయనునంతవరకు బంతి ముట్టరాదు. పిదప దినమున కొక్కటే యాట, అదియు సగమే. మొదటి యాటలు పొడగరియే విసరవలెను, పరుగులు దానమైనను సరే. అలసినప్పుడు పొట్టిపిల్ల రావలెను. వేగమునకు వెనువెంటనే మందము వచ్చిన కొట్టువారు తబ్బిబ్బగుదురని మా మేనకోడలి యూహ; అది పెద్దలకు తోచనే లేదు.

సాయంకాలము రేవున లంకపిల్ల తల్లిని చూచితిని. కూరగాయల గంప అమ్ముకొని కూతురికొఱకు కనిపెట్టుకొని యున్నది. భుజము సంగతి ఆమె ఎఱుగదు. చెప్పగా కొంతసేపు మాటలాడలేదు. “గంపెత్తమంటే ఎత్తేదమ్మా, ఎప్పుడూ కాదనలేదు” అని, కూతురి చేతిలోని పుస్తకాలసంచి తాను తీసికొని, ఖాళీగంపలో పెట్టుకొని పడవెక్కినది. మాన్పించెదనని గాని పంపెదనని గాని అనలేదు.

మేము తిరిగివచ్చిన మూడువారములకు మా వదినగారు ఫోను చేసిరి. గోదావరికి నీరు వచ్చి పడవలు ఆగినవట. లంకపిల్ల బడికి వచ్చి తొమ్మిది దినములైనదట. అంతకుముందే తల్లి దానిని వైద్యునికి చూపగా నెలదినములు విశ్రాంతి యీయుమనెనట. పొడగరి సుద్దగీతమీద అడుగు పెట్టుచు ఏటిగట్టు క్రింద ప్రతిదినము ఎనుబది బంతులు విసరుచున్నదట. ఎనుబది ఎక్కువ, నలుబదితో ఆపుమని నేను చెప్పితిని. మా మేనకోడలు ఫోను తీసికొని, “నిన్న ఇరవైలో పధ్నాలుగు పడ్డాయత్తయ్యా, పుస్తకంలో రాశాను” అనెను.